మా మేనకోడలి పాటకు నేను పెట్టిన పేరు

మా చర్చి పాటల పుస్తకంలో ప్రతి పాట నెత్తినా రెండు మాటలుంటాయి, రాగమూ తాళమూ. పేజీ పై అంచున ఆ పాట ఏ సందర్భానిదో ఉంటుంది. స్తుతి, సిలువ, వివాహం, సమాధి. చిరునామా లేని పాట అందులో ఒక్కటీ లేదు. చిన్నప్పుడు ఆ పుస్తకంలోనే అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ని, పెద్దయ్యాక అదే చర్చిలో క్వయర్ మాస్టర్నయ్యాను. ఏ పాట చెవిన పడ్డా ముందు దాని నెత్తిన ఏం రాయాలా అని చూడటం నాకొక జబ్బుగా తయారైంది. ఇంట్లో కుక్కరు కూస్తే ఏ శ్రుతిలో కూసిందో చెప్పేస్తాను. పప్పు ఉడికిందో లేదో మాత్రం చెప్పలేనని మా ఆవిడ చుట్టాలందరికీ చెబుతుంది.

మాది నెల్లిమర్ల దాటాక వచ్చే చిన్న ఊరు. సంఘమూ చిన్నదే. ఎవరైనా ప్రత్యేక గీతం పాడాలంటే ముందు నాకు వినిపించాలి. ఆదివారం నేను లేచి, ఇది ఫలానా రాగం, ఫలానా తాళం, ఫలానా కోవ అని ప్రకటించాకే ఆ పాట మైకు దగ్గరికి వెళ్తుంది. మిషన్ దొరలనాటి అలవాటు, ఎవరూ మానలేదు. నేను రాగం తప్పు చెప్పినా పట్టుకోగలిగినవాళ్లు సంఘంలో లేరు గనక నాకు చాలా మంచి పేరుంది.

పోయినేడు వానలు తెరిపిచ్చాక ఒక ఆదివారం, ఆరాధన అయిపోయిన తర్వాత, సంఘ పెద్ద నన్ను వెనక గదిలోకి పిలిచారు. ఆయన రిటైరైన హెడ్‌మాస్టరు. ఊళ్లో సగం మంది ఆయన బెత్తం దెబ్బలు తిన్నవాళ్లే, నాతో సహా. బల్ల మీద ఫోను పెట్టి ఒక వీడియో చూపించారు. అందులో ఉన్నది మా అక్క కూతురు.

ఆ పిల్ల గురించి చెప్పాలి. విజయనగరంలో ఒక ల్యాబులో పనిచేస్తుంది. రోజంతా జనం రక్తం చూసి ఎవరిది ఏ గ్రూపో తేలుస్తుంది. మా క్వయర్లో సొప్రానో వరసకి ఆ గొంతే ఆధారం. బుట్టచేతుల గౌను వేసుకున్న రోజుల నుంచీ అక్కడే నిలబడుతోంది. శనివారం సాధనకి డ్యూటీ దిగి, కిక్కిరిసిన బస్సులో నిలబడి వస్తుంది, ఒక్క శనివారమూ మానదు. ఆ గొంతు పై స్థాయికి వెళ్లినప్పుడు వెనక బెంచీల్లో కునికేవాళ్లు కూడా కళ్లు తెరిచి, అప్పటిదాకా మెలకువగానే ఉన్నట్టు తలూపుతారు.

వీడియోలో అదే పిల్ల నల్లచొక్కా వేసుకుని, జుట్టు విరబోసుకుని, మైకుని రెండు చేతులా నులిమేస్తూ గర్జిస్తోంది. గర్జన అన్నది అలంకారం కోసం వాడిన మాట కాదు. వెనక గిటార్లు, డ్రమ్ములు ఊరి మీద పడ్డట్టు మోగుతున్నాయి. ఒకచోట గర్జన ఆపి, గొంతు పైకి చీల్చి, ఏదో కాలినట్టు కేక పెట్టింది. నేను నా సొంత గొంతు తడుముకున్నాను.

పెద్దాయన వీడియో ఆపేసి నెమ్మదిగా అడిగారు. "ఇది పాటా, పూనకమా? నువ్వు సెప్పు బాబూ."

మా సంఘంలో పూనకమన్నది సరదాగా అనే మాట కాదు. వచ్చే ఆదివారం కమిటీ కూర్చుంటుందనీ, ఆ పాట ఏ కోవకి చెందుతుందో నేను విని చెప్పాలనీ, చెడ్డ కోవదైతే పిల్లని క్వయర్లోంచి తప్పించక తప్పదనీ అన్నారు. కోపంగా అనలేదు. ఆ పిల్లకి ఎక్కాలు నేర్పింది ఆయనే. నేను ఏదంటే కమిటీకీ అదేనని కూడా అన్నారు. ఆ మాటకి నాకు భయం వెయ్యాల్సింది. నేను పొంగిపోయాను.

మర్నాడు విజయనగరం బస్సులో, నేను గుమస్తాగా ఉన్న కాలేజీకి వెళ్తూ, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆ పాట మొత్తం విన్నాను. మొదట తేనెతుట్టె మీదుగా రోడ్డు రోలరు పోతున్నట్టు అనిపించింది. అలవాటు కొద్దీ తాళం కోసం వేళ్లు ముడవడం మొదలుపెట్టాను. పక్కసీటాయన నేను జపం చేసుకుంటున్నాననుకున్నాడో ఏమో, భక్తిగా జరిగి చోటిచ్చాడు. కాసేపటికి తాళం దొరికింది. మామూలు ఆది తాళమే, కాకపోతే దాని తోకకి ఎవరో నిప్పంటించారు. రాగం కూడా దొరికింది. కీరవాణి ఛాయలు బాగానే ఉన్నాయి. కీరవాణి అంటే చిలకపలుకు కదా, ఈ చిలక మాత్రం పలికే ముందు పులిని మింగింది.

అసలు సంగతి ఇంకోటి. రాగం, తాళం దొరికాక నా పని అయిపోయినట్టే. ఇయర్‌ఫోన్లు తీసెయ్యొచ్చు. తియ్యలేదు, మళ్లీ మొదట్నుంచి పెట్టాను. గిటార్లన్నీ ఆగి, ఆ పిల్ల ఒక్కతీ ఏదో గొణిగి, తర్వాత అన్నీ ఒక్కసారిగా విరుచుకుపడే చోటొకటి ఉంది. అక్కడ నా మెడ మీద వెంట్రుకలు లేచాయి. కిందికి చూస్తే నా కాలు ఆడుతోంది. తల కూడా ఊగుతోందని పక్కసీటాయన చూపు వల్ల తెలిసింది. ఈసారి జరిగింది భక్తితో కాదు. నేను దిగాల్సిన స్టాపు ఎప్పుడో దాటిపోయింది. యాభై దాటిన క్వయర్ మాస్టరు, చేతిలో టిఫిన్ క్యారేజీ, చెవిలో పులి. ఎవరైనా మా సంఘంవాళ్లు ఎక్కారేమోనని బస్సంతా తిరిగి చూసి, దొంగలా దిగి వెనక్కి నడిచాను.

ఆ వారంలోనే పిల్ల మా ఇంటికొచ్చింది. కమిటీ సంగతి అప్పటికే తెలిసిపోయింది. మా ఆవిడ పెరట్లో నెత్తళ్ల చేపలు శుభ్రం చేస్తోంది. నేను గడపలో కూర్చుని, పాట మాటలు ఇవ్వమ్మా అని అడిగాను. విన్నంత మేరకు నాకొక్క మాటా అర్థం కాలేదు, ఆ విషయం చెప్పడానికి నామోషీగానే ఉంది. అది ఫోనులో చూపించింది. అంతా తెలుగే. తూర్పు కొండల వెనక పొగమంచులో ఒక కోట, అందులో నీడ లేని రాజు, కోటని చుట్టుకుని నిద్రపోయే ఘటసర్పం. రాజు తన నీడని ఆ సర్పానికి కుదవపెట్టాడు. సర్పం లేచిన రోజు రాజ్యమంతా నీడలు పోగొట్టుకుంటుంది. ఘటసర్పమనే మాట, ఆ గంభీరమైన క్రియాపదాలూ ఎక్కడివని అడిగితే, సండే స్కూల్లో బైబిల్ చెబుతూ నువ్వే కదా నేర్పావని నవ్వింది.

ఇందులో సైతానెక్కడా లేడు కదా అని నాకు ప్రాణం లేచొచ్చింది. మరి దీన్ని ఏమంటారని అడిగాను.

అది చెప్పుకొచ్చింది. మెటల్ అనే ఈ జాతి పాటల్లో కుటుంబాలున్నాయట. గొంతు అడుగు నుంచి గురగురలాడిస్తే డెత్ మెటల్. పైకి చీల్చి కేకేస్తూ, గిటారుని తేనెటీగల్లా ఎడతెగకుండా మోగిస్తే బ్లాక్ మెటల్. వెనక వయొలిన్లూ కోరస్సూ పెడితే సింఫొనిక్. కథ దగ్గర ఇంకో తగాదా. దేవుడికి ఎదురు పాడితేనే బ్లాక్ మెటల్ అని కొందరంటారు. కాదు, శబ్దమే జాతిని చెబుతుంది, కథ ఒంటి మీది బట్టలాంటిదని ఇంకొందరు. రాజుల గురించీ సర్పాల గురించీ పాడేవాళ్లని ఎందులో కలపాలో తేలక నెట్‌లో దేశదేశాలవాళ్లు తిట్టుకుంటున్నారట. వాళ్ల బ్యాండులో ఉన్న నలుగురికే పడలేదు. చింతపల్లి రేవు నుంచి వచ్చే డ్రమ్ములవాడు డెత్ అంటాడు, శృంగవరపుకోట గిటారువాళ్లు పెద్ద గాథలా ఉంది గనక ఎపిక్ అంటారు. ఒకే దేవుణ్ని కొలుస్తూ వీధికో సంఘంగా విడిపోయిన జనంలో పుట్టినవాణ్ని గనక నాకు ఇదంతా సులువుగానే అర్థమైంది.

మరి నీ మాటేమిటని అడిగాను. "ఫాంటసీ బ్లాక్ మెటల్," అంది తడుముకోకుండా. "కథని బట్టి కాదు మావయ్యా, కూతని బట్టి సెప్పాల."

పెరట్లోంచి మా ఆవిడ అందుకుంది. "సావూ సీకటీ తప్ప మరేటీ దొరకలేదేటే మీకు? తెల్లది లేదేటి?"

"ఉన్నాది అత్తా. వైట్ మెటల్ అంతారు. క్రీస్తు మీద పాడితే అది."

నేను ఎగిరి అందుకున్నాను. మరింకేం, అదే చెప్పేద్దాం, కమిటీ సంతోషిస్తుంది అన్నాను.

"మా పాటలో ఆయన లేడు కదా మావయ్యా. లేనోడిని ఉన్నాడని సెప్పుకుంటే తప్పు కాదేటి?"

ఇది కూడా సండే స్కూల్లో నేను నేర్పిందే. అప్పుడది నా పక్కన గడపలో కూర్చుంది. క్వయర్లోంచి తీసేస్తే తను తట్టుకోలేనని చెప్పింది. శనివారం బస్సు దిగి, చర్చి కిటికీలోంచి మా హార్మోనియం వినపడితే చాలు, వారమంతా చూసిన రక్తం సీసాలు మరిచిపోతానంది. అయినా సరే, తీసేస్తే తీసెయ్యనీ గానీ పాటకి వేరే పేరు పెట్టొద్దంది.

"అందరూ గోల గోల అంతన్నారు. గోలకి పేరుండదు మావయ్యా. పేరెట్టి పిలిస్తేనే ఇన్నట్టు."

అలాగే అని మాటిచ్చాను. నెత్తళ్ల పులుసు తిని వెళ్లింది.

ఆదివారం కమిటీలో నేను లేచి నిలబడ్డాను. నిజమే చెబుదామని ఇంటి దగ్గర అద్దం ముందు సాధన కూడా చేసుకున్నాను. ముందు అలవాటు ప్రకారం రాగం కీరవాణి ఛాయ, తాళం ఆది, ద్రుత గతి అన్నాను. పెద్దలందరూ తలలూపారు. పూనకానికి తాళముండదని వాళ్ల నమ్మకం కాబోలు, అక్కడికే సగం తేలికపడ్డారు. కథ చెప్పాను. కోట, రాజు, నీడ, సర్పం. ఒకాయన ఆ సర్పం చివరికి చచ్చిందా అని అడిగాడు. తర్వాత పాటలో చస్తుందేమో అన్నాను. అప్పుడు పెద్దాయన అడిగారు, మరి ఇది ఏ కోవ అని.

బ్లాక్ అనే మాట నాలుక మీదికి వచ్చింది. దాన్ని ఈ గదిలో, ఈ గోడలకి తగిలించిన వాక్యాల మధ్య ఎలా వదలడం? పెద్దాయన నల్లబల్ల మీద రాసినట్టు ఆ పదం రాసుకుంటారు. తర్వాత ఎంత వివరించినా అదే మిగులుతుంది. పిల్ల పోతుంది. అది నా మేనకోడలనే సంగతి ఎవరో గుర్తు చేస్తారు, పిల్లతో పాటు నా మంచి పేరూ పోతుంది. ఇవన్నీ ఒక్క ఊపిరిలో ఆలోచించాను. ఆ వరసలో నా పేరు ఎన్నోదని ఇప్పుడు అడిగితే చెప్పలేను, చివరిది మాత్రం కాదు.

"జానపదం అండి," అన్నాను. "జానపద కథాగేయం."

గదంతా గాలి ఆడినట్టయింది. రాజు ఉన్నాడు, పాము ఉంది, కొండలున్నాయి, జానపదం కాక మరేమిటని ఒకరికొకరు చెప్పుకున్నారు. పెద్దాయన తన చిన్నప్పుడు వాళ్లమ్మ జముకుల కథకి తీసుకెళ్లేదనీ, ఆ జముకు వాయిద్యం కూడా ఇలాగే గుర్రుమనేదనీ చెప్పి, నా చెవి మీద తనకెప్పుడూ నమ్మకమేనన్నారు. నేను చెప్పింది అబద్ధం కూడా కాదేమోనని నాకే అనిపించసాగింది. అంతటితో ఆగి ఉంటే ఆ నమ్మకంతోనే బతికేసేవాణ్ని. కానీ వాళ్లకి సంతోషం ఎక్కువైంది. మా కోత పండుగకి ప్రతి ఏడూ కోలాటం తర్వాత ఒక జానపద అంశం పెట్టడం ఆనవాయితీ. ఈసారి ఎవరూ దొరకలేదు. పిల్ల బ్యాండునే పెడదామన్నారు. నేను నోరు తెరిచాను. మూశాను. ప్రార్థనతో సభ ముగిసింది.

ఈ సంగతి పిల్లకి చెప్పడానికి శృంగవరపుకోట వెళ్లాను. అక్కడ మూతపడిన రైసు మిల్లులో వాళ్లు సాధన చేసుకుంటారు. నేను వెళ్లేసరికి నలుగురూ నేల మీద కూర్చుని బజ్జీలు తింటున్నారు. ప్రపంచాన్ని నీడలేకుండా చేసేవాళ్లు నోళ్లకి మిరపకాయ ఘాటెక్కి ఉస్సుమంటున్నారు. క్వయర్లో నీ చోటు నీదేనమ్మా అని మొదలుపెట్టి, కోత పండుగ దాకా ఒక్క గుక్కలో చెప్పేశాను. జానపదం అన్న మాట మాత్రం దగ్గుతో కలిపి చెప్పాను.

మిగతా ముగ్గురూ గంతులేశారు. ఈ రెండు జిల్లాల్లో వాళ్లకి స్టేజీ ఇచ్చిన పాపాన ఎవరూ పోలేదు. ఏ పేరు పెడితే ఏమిటి, మైకుంటుంది, కరెంటుంటుంది. పిల్ల ఒక్కతే గంతెయ్యలేదు. చేతులు తుడుచుకుని నా దగ్గరికొచ్చింది.

"నువ్వు నిజంగా పాట ఇన్నావా మావయ్యా?"

విన్నానన్నాను. బస్సులో కాలు ఆడిన సంగతి చెప్పాలనుకున్నాను. అప్పుడు చెబితే బతిమాలుకున్నట్టుంటుందని ఊరుకున్నాను.

"మరి?" అంది. అంతే. తిరిగి వెళ్లిపోయి గిటారు తీగలు సవరించుకుంటున్నవాళ్ల దగ్గర నిలబడింది.

కోత పండుగ రోజు చర్చి ముందు షామియానా నిండిపోయింది. తొలికోత వడ్లు, గుమ్మడికాయలు, అరటి గెలలు, ఒక బుట్టలో మూడు కోళ్లు, గుంజకి కట్టిన మేకపోతు. ఇవన్నీ ఆఖర్న వేలం వేస్తారు. కోలాటం అయ్యింది. ముసలమ్మలు ముందు వరసల్లో చాపల మీద సర్దుకున్నారు. పెద్దాయన మైకు తీసుకుని, ఇప్పుడు మన పిల్లలు కొండల నాటి జానపద కథ వినిపిస్తారని ప్రకటించారు. రాగం, తాళం కూడా నా పేరు చెప్పి మరీ చదివారు.

గిటార్లు మొదలవగానే కోళ్లు గోల పెట్టాయి. మేకపోతు గుంజ చుట్టూ తిరిగి తాడు చుట్టుకుని అక్కడే ఆగిపోయింది. పిల్ల ముందుకొచ్చి గర్జించింది. ముసలమ్మలు ఒక్క క్షణం ఉలిక్కిపడ్డారు. కానీ జానపదమని ముందే చెప్పేశాం కదా. జానపద కథ వినడం ఎలాగో వాళ్లకి తెలుసు. కథ చెప్పేవాడు ఊపిరి తీసుకున్న చోట వినేవాళ్లు వంత పాడాలి. పిల్ల మొదటి గర్జన ముగించి ఊపిరి తీసుకోగానే, ముందు వరసలోంచి ఒకావిడ "తందాన" అంది. పక్కావిడ అందుకుంది. రెండో గర్జనకి చాపలన్నీ అందుకున్నాయి. చప్పట్లు మొదలయ్యాయి. కోలాటం పిల్లల చేతుల్లో కర్రలు ఇంకా ఉన్నాయేమో, లేచి కొట్టడం మొదలుపెట్టారు. జనం నవ్వుతున్నారు. వెక్కిరింపు కాదు, నిజంగానే ముచ్చటపడ్డారు. "మన పిల్ల గొంతు సూడవే, అసలైన రాకాసిలాగ," అని ఒకావిడ ఇంకొకావిడని పొడిచింది.

ఆ తర్వాత నేను ఎదురుచూస్తున్న చోటొచ్చింది. బస్సులో నా మెడ మీద వెంట్రుకలు లేపిన చోటు. గిటార్లు ఆగిపోయాయి. పిల్ల మైకుని పెదవులకి ఆనించుకుని, నీడ కుదవపెట్టే రాజు మాటలు గొణిగింది. అక్కడ నిశ్శబ్దం ఉండాలి. ఆ నిశ్శబ్దం కోసమే పాటంతా కట్టారు.

"తందాన తాన," అన్నారు మా సంఘంవాళ్లంతా, ఎంతో ప్రేమగా.

పిల్ల ముఖం చూశాను. చూడకుండా ఉండాల్సింది. దాన్ని తిట్టి దింపేసినా అంత చిన్నబోయేది కాదు. భయపెట్టడానికి వచ్చిన మనిషిని ఎత్తుకుని ముద్దులాడినట్టయింది. నేను పెట్టిన పేరు పట్టుకుని జనం పాటంతా వింటున్నారు, అసలు పాట ఎవరి చెవికీ చేరలేదు.

అయినా చివరిదాకా పాడింది. చప్పట్లు ఆగలేదు. పెద్దాయన ఆనందంగా ఇంకో జానపదం పాడమన్నారు. పిల్ల మైకు వదల్లేదు. సొప్రానో వరసలో పాడే ఆ తేట గొంతుతోనే అంది.

"ఇది జానపదం కాదండి. దీన్ని బ్లాక్ మెటల్ అంతారు."

ఆ రెండు మాటలూ షామియానా కింద అందరికీ వినిపించాయి. పెద్దాయన నా వైపు తిరిగారు. కోపం లేదు, సందేహం కూడా లేదు, నేను సర్దిచెబుతానన్న నమ్మకమే ఉంది. "ఏటి బాబూ?" అన్నారు.

నేను క్వయర్ వరసలో కూర్చుని ఉన్నాను. లేవాలి. అవునండీ, పేరు మార్చింది నేనే అనాలి. అంత చిన్న వాక్యం. కీరవాణిలో పాడమన్నా పాడేవాణ్ని, మాటగా మాత్రం బయటికి రాలేదు. నా చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాను. ఎడమ చెప్పు పట్టీ తెగిపోబోతోందని ఆ క్షణంలో గమనించాను. మనిషికి ఎప్పుడు ఏం కనిపిస్తుందో చెప్పలేం.

"మావయ్యకి తెలీదండి," అంది పిల్ల మైకులోనే. "నానే సరిగ్గా సెప్పలేదు."

లేనివాడిని ఉన్నాడని చెప్పుకోవడం తప్పన్న పిల్ల, నా కోసం లేని తప్పు నెత్తినేసుకుంది. తర్వాత వెనక్కి తిరిగి తలూపింది. రెండో పాట మొదలైంది. ఈసారి ఎవరూ వంత పాడలేదు. చాపల మీదివాళ్లు కొంగులు భుజాల చుట్టూ కప్పుకున్నారు. కొందరు పిల్లల్ని చంకనేసుకుని లేచి వెళ్లారు. మిగిలినవాళ్లు కదలకుండా కూర్చుని విన్నారు. గిటార్లు ఆగిన చోట కోళ్లు కూడా ఊపిరి బిగబట్టాయి. అది అంత బాగా పాడటం నేనెప్పుడూ వినలేదు. నా తలే ఊగలేదు, కిందికి దిగిపోయి ఉంది కాబట్టి.

ఆ శనివారం పిల్ల సాధనకి రాలేదు. పై శనివారమూ రాలేదు. సొప్రానో వరస పై స్వరం అందుకోలేక నా ముఖం చూస్తోంది. మా ఆవిడ ఇంట్లో నాతో అవసరానికి మించి మాట్లాడటం మానేసింది. కుక్కరు కూస్తే కూడా నేను ఏమీ అనడం లేదు.

ఆగలేక పెద్దాయన ఇంటికెళ్లాను. ఆయన అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నారు. నిలబడే చెప్పాను. పిల్ల ముందే అసలు పేరు చెప్పిందనీ, నేను కావాలనే మార్చాననీ, దాన్ని తీసెయ్యాలంటే నన్ను కూడా తీసెయ్యాలనీ అన్నాను. ఆయన పేపరు మడిచారు.

"తెలుసు బాబూ. ఆ పిల్ల అబద్ధం ఆడితే ఆ మాత్రం పోల్చలేనేటి? నీకు సిగ్గుగుంటాదని ఊరుకున్నాం."

కూర్చోమని కుర్చీ చూపించారు. బెత్తం తీసినా బాగుండేదనిపించింది. పిల్లని మానెయ్యమని కమిటీ అననే లేదట. ఆ పాటంటే తమకి ఇప్పటికీ గుబులేననీ, దాన్ని మాత్రం మళ్లీ చర్చి ముందు పెట్టబోమనీ, పిల్ల చోటు పిల్లదేననీ అన్నారు. అదే రావడం లేదన్నారు.

అక్కా వాళ్లింటికి వెళ్లాను. పిల్ల డ్యూటీకి బయల్దేరుతోంది. పెద్దాయనతో ఏమన్నానో చెప్పాను. బ్లాక్ మెటల్ అని ఆయన అరుగు మీదే అన్నానని చెప్పాను. దాని ముందు ఫాంటసీ అని కూడా అన్నావా అని అడిగింది. మరిచిపోయానన్నాను. నవ్వాపుకుంది. ఆ ధైర్యంతో, మరి శనివారం వస్తావా అన్నాను.

"రాడానికేటి మావయ్యా. నాను వస్తే నువ్వు తలొంచుకుంటావు. అది నాను సూడలేను."

వంచుకోనన్నాను. అది నమ్మినట్టు కనిపించలేదు. బస్సు టైమైందని చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

శనివారం పిల్ల వచ్చింది. తన చోటులో నిలబడింది. మిగతావాళ్లు ఏమీ జరగనట్టు ఆ పక్కకీ ఈ పక్కకీ జరిగి చోటిచ్చారు. క్రిస్మస్ పాట మొదలుపెట్టాను. బాస్ అందుకుంది, టెనర్ అందుకుంది, ఆల్టో అందుకుంది. సొప్రానోలు ఎత్తుకునే చోటికి వచ్చాం. అక్కడ మాస్టరు వాళ్ల వైపు చూసి కళ్లతో పిలవాలి, చెయ్యి ఊపితే సరిపోదు. చెయ్యి ఊపాను. కళ్లు మాత్రం హార్మోనియం మెట్ల మీద ఉన్నాయి.

సొప్రానో వరస కదల్లేదు. పాట అక్కడే కుంటుపడి ఆగిపోయింది. పిల్ల నా వైపే చూస్తూ ఎదురుచూస్తోంది, తొందరేమీ లేనట్టు.

మళ్లీ మొదట్నుంచి అన్నాను. బాస్, టెనర్, ఆల్టో. ఆ చోటు దగ్గర పడుతోంటే నా చెవులు వేడెక్కాయి. తలెత్తి చూశాను. పిల్ల ఊపిరి తీసుకుంది.